పాసు, పాస్‌పోర్టు, పల్లె మనిషి

విశాఖపట్నంలో కంచరపాలెం నుంచి గోపాలపట్నానికి పోయే రోడ్డు నాలుగైదు మైళ్లకు మించదు. ఆ కొద్దిపాటి దూరంలో చరిత్ర విద్యార్థి ఆగి చూడవలసిన చోట్లు రెండున్నాయి. కంచరపాలెం పక్కన బర్మా క్యాంపు వుంది. రంగూను నుంచి సర్వస్వమూ పోగొట్టుకొని తిరిగివచ్చిన మనవాళ్ల పేరు మీద వెలసిన పేట అది. దానికి కాస్త ఎగువన మర్రిపాలెంలో ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం వుంది. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి వైపు పల్లెల నుంచి వచ్చే కుర్రవాళ్లు కొందరు గోపాలపట్నం దగ్గరి సింహాచలం స్టేషన్లో రైలు దిగి, ప్లాస్టిక్ సంచిలో కాగితాలు పట్టుకొని ఈ కార్యాలయం దారి అడుగుతూ వుంటారు. ఆ దారి చెప్పేవాళ్లలో బర్మా నుంచి వచ్చినవాళ్ల మనుమలూ వుంటారు. తాతలు ఏ కాగితమూ లేకుండా సముద్రం దాటారు. కాగితం లేదన్న కారణంతోనే వెళ్లగొట్టబడ్డారు. మనుమలు కాగితం కోసం నిలబడ్డారు. ఈ మూడు విషయాలకూ మధ్య వున్న సంబంధాన్ని గూర్చి మన సాహిత్య విమర్శకులు గాని, చరిత్రకారులు గాని తగినంతగా ఆలోచించలేదని నా అభిప్రాయం.

ఇందుకు కారణం లేకపోలేదు. పాస్‌పోర్టు అనగానే మన మనస్సులో మెదిలేది సూటూ బూటూ వేసుకొని విమానమెక్కే మనిషి. అది మధ్యతరగతి విషయమనీ, శ్రామిక ప్రజల పోరాటాలతో దానికి సంబంధం లేదనీ మనలో చాలామంది నమ్మకం. న్యాయశాస్త్ర గ్రంథాలు కూడా ఆ కథను 1967లో సుప్రీంకోర్టు తీర్పుతో మొదలుపెట్టి 1978 నాటి మేనకాగాంధీ తీర్పుతో ముగిస్తాయి. కాని మన దేశంలో సముద్రం దాటే మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చ కాగితం మీద రాసుకొని, అధికారి సంతకం పెట్టి పంపడమనేది మొదట దొరలతోనూ మొదలు కాలేదు, వకీళ్లతోనూ మొదలు కాలేదు. కూలివాడితో మొదలయింది.

1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ బయలుదేరి, నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను చేరింది. నేటాల్ చెరుకుతోటలకు పోయిన మొదటి కూలీలు దానిలో వున్నారు. వారిలో తమిళులతో పాటు తెలుగువారూ వున్నారు. నాటి నుంచి 1911 వరకు నేటాల్‌కు లక్షా యాభై రెండు వేల మంది ఒప్పందపు కూలీలు పోయారు. ఫిజీకి కూలీలను మొదట కలకత్తా నుంచే తీసుకొనిపోయేవారు. 1903లో ‘ఎల్బ్’ ఓడతో మద్రాసు నుంచి కూడా మొదలుపెట్టారు. ఆ ఓడలకు మనుషులను అందించిన జిల్లాలలో ఉత్తర ఆర్కాటుతో పాటు కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాలున్నాయి. ‘అగ్రిమెంటు’ అన్న మాట కూలివాడి నోట ‘గిరిమిట్’ అయింది. మనిషికే ఆ పేరు పెట్టి గిరిమిటియా అన్నారు.

ఆ కూలీకి ఇచ్చిన ఎమిగ్రేషన్ పాసును చూచినవారికి, నేటి పాస్‌పోర్టు దరఖాస్తులోని గళ్లు చాలావరకు అందులో కనిపిస్తాయి. పేరు, తండ్రి పేరు, వయస్సు, ఆడో మగో, కులం, ఊరు, జిల్లా, ఎత్తు, శరీరం మీది గుర్తులు. కింద వైద్యుడి సంతకం, ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అనే అధికారి సంతకం. వలస పోయేవారి సంరక్షకుడన్న మాట! ఎవరి నుంచి సంరక్షణ? ఏజెంటు మోసం నుంచి అని చట్టం చెప్పింది. ఆ ఏజెంటుకు లైసెన్సు ఇచ్చేదీ ఆ ప్రభుత్వమే. ఈ ఉద్యోగం పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి. నూటయాభై ఏళ్ల తరువాత అదే పేరుతో అదే ఉద్యోగి మళ్లీ ఎదురవుతాడు.

ఈ పాసు ప్రయాణానికి హక్కుపత్రం కాదు, సరుకుకు రసీదు. అయిదేళ్ల పాటు ఈ మనిషి ఫలానా తోటకు చెందుతాడన్న సాక్ష్యం. తోట విడిచి బయటికి పోవాలంటే యజమాని చీటీ వేరుగా కావాలి. గడువు తీరి, నేటాల్‌లోనే స్వేచ్ఛగా బ్రతకదలచినవాడి మీద 1895లో ఏడాదికి మూడు పౌండ్ల పన్ను విధించారు. ట్రాన్స్‌వాల్‌లో 1907 చట్టం ప్రతి ఆసియావాసీ పది వేళ్ల ముద్రలు వేసి రిజిస్ట్రేషన్ పత్రం పొందాలని ఆజ్ఞాపించింది. 1908 ఆగస్టు 16న జోహన్నెస్‌బర్గులో హమీదియా మసీదు ముందు జనం ఆ పత్రాలను కుప్పపోసి తగలబెట్టారు. గాంధీ జీవితంలో ఘట్టంగా దీనిని మన పాఠ్యపుస్తకాలు చెపుతాయి. గుర్తింపు కాగితాన్ని తగలబెట్టడం ఒక ప్రజా ఉద్యమానికి ఆరంభమయిన సంగతిని గూర్చి మాత్రం తక్కువ చెపుతాయి.

ఇక రంగం సంగతి. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూనును రంగూను అనలేదు, రంగం అన్నారు. రంగం పోయాడు అంటే సంపాదనకు పోయాడనీ, అప్పులవాళ్లకు మొహం చాటేశాడనీ, ఇల్లాలిని వదిలేశాడనీ సందర్భాన్ని బట్టి అర్థం. ఒక ఊరి పేరు క్రియాపదానికి తోడై ఇన్ని అర్థాలు సంపాదించుకోవడం భాషలో అరుదు. అక్కడివాళ్లు మనవాళ్లను ‘కొరంగీ’లన్నారు. కోరంగి రేవు పేరే అది, తరువాత తిట్టుగా మారింది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో లక్షన్నరకు పైబడి తెలుగువారున్నారు. ఓడ సరుకులు ఎత్తడం, దింపడం, వడ్ల మిల్లులు, రంపపు మిల్లులు, రిక్షా లాగడం వీరి చేతుల మీద నడిచాయి. జమీందారీ శిస్తులూ, ఏటేటా వచ్చే కరువులూ, చేతి మగ్గానికి పట్టిన దుర్గతీ వీరిని తరిమాయి. మేస్త్రీ ఇచ్చిన బయానా వీరిని కట్టిపడేసింది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరు దూరంగా ఆగేది. మసులా పడవల్లో అలల మీదుగా దాని దగ్గరికి చేరి డెక్కు మీద చోటు చూసుకొనేవారు. విశాఖ హార్బరు 1933లో గాని తెరుచుకోలేదు.

ఈ మనుషులలో ఒక్కడి దగ్గరా పాస్‌పోర్టు లేదు. అవసరమూ లేదు, ఎందుకంటే బర్మా అప్పుడు ఇండియాలో ఒక రాష్ట్రం. టిక్కెట్టు వుంటే చాలు. ఆ స్వేచ్ఛను చూచి మురిసిపోవలసిన పని లేదు. పెట్టుబడికి చౌక చేతులు కావలసినంతకాలం సరిహద్దు వుండదు. 1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, కంపెనీలు బర్మీయులను పనిలోకి తీసుకొన్నాయి. సమ్మె తీరగానే బర్మీయులను గెంటివేశాయి. కూలివాడికీ కూలివాడికీ మధ్య నెత్తురు పారింది. వందమందికి పైగా చనిపోయారు, వారిలో అత్యధికులు మనవాళ్లు. కంపెనీల ఒంటిమీద గీత పడలేదు. అక్కడి నుంచి కాగితం అడగడం మొదలయింది.

1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. వెంటనే రాకపోకలు ఆపలేదు. జేమ్స్ బాక్స్టర్ అనే అధికారి చేత విచారణ జరిపించి, 1941లో రెండు ప్రభుత్వాలూ ఒక ఒప్పందం చేసికొన్నాయి. ఇక మీదట బర్మాలో అడుగుపెట్టే భారతీయుడికి పాస్‌పోర్టు, వీసా గాని, వలస పర్మిటు గాని వుండాలి. ఆ పర్మిట్లలో ‘ఎ’ అనీ ‘బి’ అనీ రెండు తరగతులు. ‘ఎ’ స్తోమతు గలవారికి, ‘బి’ గడువు పెట్టి పని చేయించుకొనే కూలీలకు. ఈ ఒప్పందం పూర్తిగా అమలుకు వచ్చేలోగా జపాను బాంబులు పడ్డాయి. 1942లో నాలుగైదు లక్షల మంది భారతీయులు అడవులు, కొండలు పట్టి నడిచి వచ్చారు. దారిలో వేలమంది చనిపోయారు. తెల్లవాళ్లకు ఒక దారి, నల్లవాళ్లకు మరొక దారి అన్న ఆరోపణ అప్పట్లోనే దేశమంతటా మారుమోగింది. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖ మీద కూడా బాంబులు పడి, ఊరు ఊరంతా పల్లెలకు పారిపోయింది. అటు రంగం నుంచి కాళ్లీడ్చుకొంటూ వస్తున్నవాళ్లు ఖాళీ అయిన పట్నానికి వచ్చి చేరారు.

అంతటితో కథ ముగిసిందా? లేదు. యుద్ధం తరువాత మిగిలినవారినీ, తిరిగి వెళ్లినవారినీ స్వతంత్ర బర్మా విదేశీయులుగా నమోదు చేసింది. ఏటా రుసుము కట్టి విదేశీయుల రిజిస్ట్రేషన్ పత్రాన్ని పునరుద్ధరించుకోవాలి. అక్కడే పుట్టి, ఆ భాషే మాట్లాడేవాడు విదేశీయుడు! 1964లో నే విన్ ప్రభుత్వం దుకాణాలతో సహా వ్యాపారాలన్నిటినీ జాతీయం చేసినపుడు జనం ఓడలెక్కారు. సోషలిజం పేరుతో జరిగింది గనుక మనం దీనిని గూర్చి మౌనంగా వుండనక్కరలేదు. పెద్ద షావుకార్ల సొమ్ము చాలావరకు అంతకు ముందే దేశం దాటింది. చివరకు ఒంటి మీది బంగారం ఊడ్చి ఇచ్చి వచ్చింది చిల్లర దుకాణంవాడూ, మిల్లు కూలీ. మద్రాసు, విశాఖ రేవుల్లో దిగినవాళ్లు వీరే. బర్మా క్యాంపు అనే పేరు వీరిది.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోవాలి. పాస్‌పోర్టు అనే చిన్న పుస్తకం మన దేశంలో తప్పనిసరి కావడానికి మొదటి ప్రపంచ యుద్ధం కారణం. కెనడాలో దిగనివ్వక ‘కొమగాట మారు’ను 1914లో వెనక్కి పంపడం, గదర్ వీరులు దేశంలోకి తిరిగి వస్తూండడం ఆంగ్ల ప్రభుత్వానికి కునుకు పట్టనివ్వలేదు. డిఫెన్స్ ఆఫ్ ఇండియా నిబంధనల కింద 1917లో పాస్‌పోర్టు పెట్టారు. యుద్ధం ముగిసినా దానిని ఎత్తివేయలేదు, 1920లో చట్టం చేశారు. కూలి మేస్త్రీ వెంట సిలోనుకూ మలయాకూ పోయే జనాన్ని ఉద్దేశించి మాత్రం ఆ పుస్తకం పుట్టలేదు. వారికోసం మరొక చట్టం వచ్చింది. అదే 1922 నాటి వలస చట్టం. నైపుణ్యం లేని పనికి పోయేవాడు ప్రభుత్వం ప్రకటించిన దేశాలకు, ప్రకటించిన షరతులతోనే పోవాలి. అంటే పెద్దమనిషికి పాస్‌పోర్టు, కూలీకి అనుమతి. ఒకడిని నమ్ముతారు, మరొకడిని కాపాడుతారు.

ఇక్కడ ఒక చిక్కుంది. దానిని దాటవేస్తే చరిత్రకు ద్రోహం చేసినట్లే. 1922 చట్టం కేవలం దొరల కుట్ర కాదు. గోఖలే 1910లో, 1912లో శాసనసభలో కూలి ఒప్పందాల మీద చేసిన పోరాటం, ఫిజీ తోటల దుర్భర పరిస్థితిపై ఆండ్రూస్, పియర్సన్‌లు 1916లో వెలువరించిన నివేదిక, దేశవ్యాప్తంగా వెల్లువెత్తిన ఆగ్రహం ఈ బానిసత్వాన్ని రద్దు చేయించాయి. అది మన జాతీయోద్యమం సాధించిన నిజమైన విజయాలలో ఒకటి. కాని ఆ విజయంలోనే, కూలివాడు తన మంచి చెడ్డలు తాను తెలుసుకోలేడు, అతని తరఫున చదువుకొన్నవాడు నిర్ణయించాలి అన్న భావం కూడా చట్టంలోకి వచ్చి కూర్చుంది. దోపిడీని ఆపడానికి రెండు దారులున్నాయి. దోచేవాడి చేతులు కట్టవచ్చు, దోపిడీకి గురయ్యేవాడి కాళ్లు కట్టవచ్చు. మన చట్టాలు రెండవదానినే సులభంగా ఎంచుకొన్నాయి. 1938లో మలయాకూ, 1939లో సిలోనుకూ కూలి వలసను ఆపినపుడు కూడా జరిగింది అదే.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఇరవై ఏళ్ల పాటు పాస్‌పోర్టు ఇవ్వడానికి గాని, నిరాకరించడానికి గాని ఒక చట్టమంటూ లేదు. అధికారి ఇష్టం. అమెరికాలో 1950లో పాల్ రాబ్సన్ పాస్‌పోర్టు రద్దుచేసి, ఎనిమిదేళ్లు ఆ మహాగాయకుణ్ణి ఇంట బంధించారని మన పత్రికలు నిరసన తెలిపాయి. 1958లో కెంట్ కేసు తీర్పుతో గాని ఆయనకు విముక్తి రాలేదు. మన ప్రభుత్వం చేతిలోనూ అదే కత్తి వుంది. కేరళ, మైసూరు, బొంబాయి హైకోర్టులు విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమన్నాయి. ఢిల్లీ హైకోర్టు కాదన్నది. 1967 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ముగ్గురు ఇద్దరి తేడాతో తేల్చింది. విదేశాలకు వెళ్లే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని స్వేచ్ఛలో భాగం, చట్టం లేకుండా దానిని కాదనడానికి ఏ అధికారికీ వీలు లేదు.

ఆ తీర్పు రాసినవారు మన రాజమండ్రివారు, ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. మరుసటి రోజే పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికకు నిలబడ్డారు. అంతకు ఆరు వారాల ముందు గోలక్‌నాథ్ కేసులో ఆస్తి హక్కును పార్లమెంటు ముట్టరాదని చెప్పి అభ్యుదయవాదులకు ఆగ్రహం కలిగించినది కూడా ఆయనే. ఒకే కలం భూస్వామికి కోట కట్టింది, ప్రయాణికుడికి తలుపు తెరిచింది. ఈ వైరుధ్యాన్ని సుబ్బారావుగారి వ్యక్తిత్వంలో వెతకడం కంటె, ఆయన నమ్మిన ఉదారవాదంలో వెతకడం మంచిది. వ్యక్తి స్వేచ్ఛను ఆయన నిజంగానే ప్రేమించారు. ఆ వ్యక్తి ఎవడన్న ప్రశ్న వేసుకోలేదు. కోర్టుకెక్కిన సత్వంత్ సింగ్ సాహ్నీ మోటారు విడిభాగాల వ్యాపారి. తీర్పు వెలువడిన నెల తిరగకుండా ఆర్డినెన్సు, జూన్ 24న పాస్‌పోర్టుల చట్టం వచ్చాయి.

ఆ చట్టంలో ఆరవ సెక్షను చదవదగినది. పాస్‌పోర్టు ఎందుకెందుకు నిరాకరించవచ్చునో అది చెపుతుంది. దానిలో ఒక కారణం ఇది. ప్రభుత్వ ఖర్చుతో ఒకసారి స్వదేశానికి చేర్చబడి, ఆ ఖర్చు తిరిగి చెల్లించనివాడికి పాస్‌పోర్టు ఇవ్వనక్కరలేదు. విమానానికి డబ్బులేక పరదేశంలో చిక్కుకొనేది ఎవడు? మరొక కారణం, క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తూండడం. చూడడానికి న్యాయంగానే వుంది. కాని ఉద్దానానికి పోయి చూడండి. సోంపేట బీల భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్నందుకు 2010 జూలై 14న కాల్పులు జరిగాయి. కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న మళ్లీ కాల్పులు. ప్రాణాలు పోయాయి. వందలాది గ్రామస్థుల మీద కేసులు పెట్టారు. ఆ ఊళ్లు గల్ఫుకూ, ఓడల మీద పనికీ, వెల్డింగు పనికీ కుర్రవాళ్లను పంపే ఊళ్లు. తాను పుట్టిన చెరువును కాపాడుకోవడానికి రోడ్డెక్కినవాడు కోర్టు అనుమతి లేనిదే సముద్రం దాటలేడు. ఎఫ్.ఐ.ఆర్. వున్నంత మాత్రాన కేసు కోర్టులో వున్నట్లు కాదని న్యాయస్థానాలు చెప్పిన మాట నిజమే. పోలీసు విచారణకు వచ్చే కానిస్టేబులు చేతిలోని కాగితానికి ఆ సూక్ష్మం తెలియాలి గదా.

చట్టం ఇట్లా వుండగా, దరఖాస్తు గళ్లలో వుండే కష్టం మరొక రకం. నేను తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి గనుక, పేర్ల విషయం కొంచెం ఎక్కువగా చెప్పినా పాఠకులు క్షమిస్తారు. మన పల్లెలో ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక. దరఖాస్తులో సర్‌నేమ్ అని ఒక గడి, గివెన్ నేమ్ అని ఒక గడి. బళ్లో మాస్టారు ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగా వేస్తాడు. రేషను కార్డులో పూర్తిగా వుంటుంది. ఆధారులో అప్పలస్వామి ఒకచోట కలిసీ, మరొకచోట అప్పల, స్వామి అని విడిపోయీ వుంటాడు. సింహాచలం అన్న పేరు మగవాడికీ పెడతాం, ఆడదానికీ పెడతాం. ఎర్రయ్యకు బడిలో ఎర్రినాయుడని రాస్తారు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, ఒక్క పేరుతో పాస్‌పోర్టు తీసుకొన్నవాళ్లు చాలామంది వున్నారు. 2022 నవంబరులో యు.ఎ.ఇ. ప్రభుత్వం ఒంటిపేరు పాస్‌పోర్టు మీద సందర్శక వీసాతో వచ్చేవాళ్లను రానివ్వమన్నది. ఒక తెలుగు తల్లి తన బిడ్డకు పెట్టిన పేరు చాలదని ఎడారి అవతలివాడు నిర్ణయించాడు.

పుట్టిన తేదీ అంతకంటె కష్టం. ఒకనాడు గ్రామ మునసబు దగ్గర జనన మరణాల రిజిస్టరు వుండేది. పెత్తందారీ పద్ధతి గనుక 1984లో గ్రామాధికార్ల వ్యవస్థ రద్దయినపుడు ఎవ్వరూ కంటతడి పెట్టలేదు. అయితే ఆ రిజిస్టర్లు ఏమయినాయని అడిగినవాళ్లు కూడా తక్కువే. 1989 జనవరి 26న గాని, తరువాత గాని పుట్టినవాళ్లు జనన ధ్రువపత్రమే తేవాలన్న నిబంధన చాలాకాలం నడిచింది. మంత్రసాని చేతుల మీద ఇంట్లో పుట్టినవాడు ఎక్కడి నుంచి తెస్తాడు? 2016 డిసెంబరులో దానిని సడలించి బడి సర్టిఫికెట్టు, ఆధారు వంటివి ఒప్పుకొన్నారు. 2025లో మళ్లీ మార్చి, 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవాళ్లకు జనన ధ్రువపత్రం ఒక్కటే ఆధారమన్నారు. ఇప్పుడు కాన్పులు చాలావరకు ఆసుపత్రిలోనే జరుగుతున్నాయి గనుక మైదానపు ఊళ్లకు ఇబ్బంది తక్కువ. మన్యంలో డోలీ మోతల మధ్య దారిలో పుట్టే బిడ్డ సంగతి పద్దెనిమిదేళ్ల తరువాత తెలుస్తుంది.

దూరం మాత్రం తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. విశాఖలో కార్యాలయం రాకపూర్వం ఇచ్ఛాపురంవాడు పాస్‌పోర్టు కోసం హైదరాబాదు పోవలసి వచ్చేది. 2017 నుంచి తపాలా కార్యాలయాల్లోనే సేవా కేంద్రాలు తెరవడం మొదలుపెట్టారు. పదిహేను వందల రూపాయల రుసుము దేశమంతటా ఒక్కటే. కాని ఆన్‌లైనులో దరఖాస్తు నింపేది ఊరి చివరి ఇంటర్నెట్ దుకాణంవాడు. అతని పొరపాటుకు మూల్యం వీడిది.

సరే, పుస్తకం చేతికి వచ్చింది. 1983లో కొత్త వలస చట్టం 1922 చట్టాన్ని తొలగించి దాని స్థానంలోకి వచ్చింది. పదో తరగతి తప్పినవాడి పాస్‌పోర్టులో ‘ఇ.సి.ఆర్.’ అని వుంటుంది. వలస తనిఖీ అవసరం అని అర్థం. గల్ఫు దేశాలు, మలేసియా వంటి పద్దెనిమిది దేశాలకు పనికి పోవాలంటే అతడు అనుమతి తెచ్చుకోవాలి. ఆ అనుమతి ఇచ్చే అధికారి పేరేమిటనుకొన్నారు? ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్. ట్రూరో కాలపు ఆసామీయే! ముప్పయి ఏళ్లు నిండని స్త్రీ ఇటువంటి పాస్‌పోర్టు మీద ఇంటిపనికి పోరాదు. ఉద్దేశం మంచిదే కావచ్చు. ఫలితమేమంటే, కోనసీమ నుంచీ కడప నుంచీ ఖద్దామా పనికి పోయే ఆడది సందర్శక వీసా మీద దొంగదారిన పోతుంది. కష్టం వచ్చిన రోజున ఏ రిజిస్టరులోనూ ఆమె పేరు దొరకదు. కువైటులో దిగగానే యజమాని పాస్‌పోర్టు లాక్కొంటాడు. అది అక్కడి చట్టం ప్రకారమూ తప్పే. పారిపోయి వచ్చినవాళ్లు క్షమాభిక్ష రోజుల్లో రాయబార కార్యాలయం ముందు నిలబడి ‘అవుట్‌పాస్’ అనే తెల్ల కాగితం మీద ఇంటికి చేరుతున్నారు. పోయేటప్పుడు పాసు, వచ్చేటప్పుడు పాసు. మధ్యలో పుస్తకం యజమాని బీరువాలో.

2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఇ.సి.ఆర్. వాళ్లకు నారింజ రంగు అట్టతో వేరే పాస్‌పోర్టు ఇస్తామని ప్రకటించింది. చదువు రాదన్న మాట లోపల వుండేది అట్ట మీదికి రాబోయింది. పరాయి విమానాశ్రయంలో వరుసలో నిలబడ్డవాడిని దూరం నుంచే కూలీ అని గుర్తుపట్టవచ్చు. దేశమంతటా నిరసన రాగానే ఆ నెలాఖరుకే వెనక్కి తీసుకొన్నారు. రంగు పోయింది, తరగతి మిగిలింది.

పదో తరగతి పాసయినవాడు క్షేమమని ఈ చట్టం అనుకొంటున్నది. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక ముఠాను పట్టుకొన్నపుడు ఆ నమ్మకం తేలిపోయింది. కంప్యూటరులో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, చదువుకొన్న కుర్రవాళ్లను కంబోడియా పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కొని, సైబరు మోసాలు చేసే కొట్లలో కట్టిపడేశారు. ఆ నెలలోనే సిహనూక్‌విల్‌లో భారతీయులు మూడు వందల మంది దాకా తిరగబడ్డారు. వారిలో విశాఖ ప్రాంతంవారు విడతలు విడతలుగా తిరిగివచ్చారు. వాళ్లకు ఇ.సి.ఆర్. ముద్ర లేదు, కంబోడియా ఆ పద్దెనిమిది దేశాలలో లేదు. అందుచేత సంరక్షకుడికి వారితో పని లేదు. ఇటువంటి కొట్లు బర్మాలో థాయి సరిహద్దున మ్యావడీ దగ్గరా వున్నాయి, అక్కడా తెలుగు యువకులు చిక్కారు. రంగం అన్న మాటను మా విద్యార్థులు మరిచిపోయారు. ఆ మాటలోని అర్థాలు మాత్రం పాతబడలేదు.

చివరగా ఒక విషయం. విదేశాలలో స్థిరపడిన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఓ.సి.ఐ. కార్డు ఇస్తున్నది. సాధారణంగా తాత ముత్తాతలలో ఒకరు ఇక్కడివారని రుజువు కావాలి. మారిషస్‌వారికి ఏడవ తరం వరకు ఇస్తామని 2024 మార్చిలో ప్రకటించారు. ఆ రుజువు ఏమిటి? గిరిమిట్ నాటి పాసు, ఓడ జాబితా. డర్బనులో, సువాలో, పోర్టు లూయీలో చెరుకుతోట కూలీల మునిమనుమలు పాత దస్తరాలు తిరగేసి ముత్తాత పేరు పట్టుకొంటున్నారు. ఎత్తు, మచ్చ, కులం స్పష్టంగా వున్నాయి. ఊరి పేరు దగ్గర చిక్కు వస్తున్నది. మద్రాసు డిపోలో తెలుగు రాని గుమస్తా చెవికి వినిపించినట్లు రాసుకొన్నాడు. విజగపటం జిల్లా అని తెలుస్తుంది. ఊరు ఏదో పాలెం, ఏదో పేట, ఏదో పట్నం. అటువంటి పేరున్న ఊళ్లు ఈ తీరాన వందలున్నాయి.